ఎంత? ఎవరికి? ఎవరికి కూడదు?
ఉత్తరాంధ్రలో ఆరోగ్య పత్రికలు నడిపే సంపాదకులకు బహిరంగ లేఖ

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిండి గురించీ ఒంటి గురించీ ఎవరి పెట్టుబడికీ లొంగకుండా పత్రికలు నడుపుతున్నారు. పాఠకులు మిమ్మల్ని నమ్ముతున్నారు. మీ పేజీలు కత్తిరించి వంటింటి గోడకు అతికించుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాం.

ఎండలు ముదిరితే కొబ్బరి బొండం మీద వ్యాసం రాక మానదు. "రోజూ ఒక బొండం తాగితే కిడ్నీలు శుభ్రపడతాయి" అన్న వాక్యం అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఏ జిల్లాలో అచ్చయినా ఆ మాట తప్పే. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో చదివే పత్రికలో అచ్చయితే అది ప్రాణం మీదికి తెస్తుంది.

లెక్క చూడండి. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్ళలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. బొండంలో 300 మిల్లీలీటర్ల నీళ్ళుంటే 600 నుంచి 750 మిల్లీగ్రాములు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు అన్నం, కూర, పండు అన్నీ కలిపి రోజుకు సాధారణంగా 2000 నుంచి 2500 దాటనివ్వరు. రెండు బొండాలు తాగితే అందులో సగానికి పైగా అక్కడే అయిపోవచ్చు. పాడైన కిడ్నీ పొటాషియంను బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుంటుంది. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ముందు ఏ సూచనా ఇవ్వకుండానే గుండె ఆగిపోతుంది.

"కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి తాగాలి" అని చివర ఒక ముక్క చేరిస్తే చాలదా అంటారు. చాలదు. ఉద్దానం జబ్బు చప్పుడు లేకుండా వస్తుంది. కాళ్ళ వాపు, మూత్రంలో ప్రొటీన్, ఎక్కువ బీపీ లాంటి గుర్తులు మొదట్లో పెద్దగా కనిపించవు. రక్త పరీక్షలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని తెలిసేసరికే కిడ్నీ సత్తువ సగం దాకా పోయి ఉండొచ్చు. అంటే మీ వ్యాసం చదివే మనిషికి తనకు జబ్బు ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. కాబట్టి ఆ హెచ్చరిక చివర్న, చిన్నక్షరాల్లో కాదు, రెండో పేరాలోనే ఉండాలి. అదీ ఇలా ఉండాలి: "ఉద్దానం మండలాల్లో ఉండేవాళ్ళు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా దీన్ని రోజువారీ అలవాటు చేసుకోవద్దు."

మేము అడిగేది ఇంతే. ఏ పదార్థం గురించి రాసినా ఎంత తినాలి, ఎవరికి మంచిది, ఎవరికి కూడదు అన్న మూడూ తేలే దాకా దాన్ని అచ్చుకు పంపకండి. కింద రాసిన మిగతా సంగతులన్నీ ఈ మూడింటి నుంచి పుట్టినవే.

నీళ్ళ సంగతే తీసుకుందాం. మిట్టమధ్యాహ్నం జీడితోటలో పని చేసే కూలీకి తరచుగా నీళ్ళు తాగమని గట్టిగా చెప్పాల్సిందే. ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఇంకిపోవడం కిడ్నీకి చేటు. అదే ఇంట్లో డయాలసిస్ మీద ఉన్న తండ్రి ఉంటే ఆయనకు లెక్క వేరు. ముందురోజు వచ్చిన మూత్రం ఎంతో కొలిచి, దానికి మరో 500 మిల్లీలీటర్లు కలిపితే సాధారణంగా ఆయన తాగగలిగేది అంతే. సాంబారు, మజ్జిగ, టీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. "అందరూ రోజుకు నాలుగు లీటర్లు తాగండి" అన్న శీర్షిక ఆ ఇంట్లో ఒకరికి మేలు చేసి, ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుస్తుంది.

"బీపీ ఉన్నవాళ్ళు తక్కువ సోడియం ఉప్పు వాడండి" అన్న సలహా కూడా అంతే. ఆ ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ బాగున్నవాడికి మేలు చేసే ప్యాకెట్టు కిడ్నీ చెడినవాడికి విషమవుతుంది. ఆకుకూరలు, దుంపలు చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చి పారబోస్తే పొటాషియం చాలావరకు పోతుంది. కిడ్నీ రోగి వంటకు ఈ పద్ధతి రాయండి. అందరికీ రాయకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది పోషకాలను పారబోయడమే అవుతుంది.

ఇంకొక మాట. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని ఇంతవరకు తేలలేదు. తాగునీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నిటినీ పరిశోధకులు పరిశీలిస్తూనే ఉన్నారు. "అసలు కారణం దొరికింది" అన్న శీర్షిక పడిన ప్రతిసారీ ఆ ఊళ్ళలో జనం ఏదో ఒకటి మానేస్తారు. ఒకసారి బోరు నీళ్ళు, ఒకసారి చేపలు, ఒకసారి పప్పు. దయచేసి ఆ శీర్షిక పెట్టకండి. ఏ పరిశోధన ఏం అనుమానిస్తోందో, ఎంతమందిని చూసిందో రాయండి.

ఇప్పుడు చోడి (రాగి) అంబలి. దీని మీద మీరంతా ప్రేమగా రాస్తారు. అది న్యాయమే, మన తిండి అది. కానీ అంకెల దగ్గర ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఆ వంద గ్రాములు ఎండు గింజలవి. గ్లాసు అంబలిలో పడే పిండి 30 గ్రాములైతే మిగతాదంతా నీళ్ళు. అంటే ఆ గ్లాసులో పిండి నుంచి వచ్చే కాల్షియం సుమారు 109 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 1000. "గ్లాసు అంబలితో రోజుకు సరిపడా కాల్షియం" అంటే పదో వంతును మొత్తం అని చెప్పినట్టు. నిజం రాసినా చోడికి వచ్చే నష్టమేమీ లేదు. అదే పట్టికలో వంద గ్రాముల తెల్ల బియ్యానికి కాల్షియం ఏడెనిమిది మిల్లీగ్రాములే. ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేయండి, చోడి విలువ పాఠకుడికే తెలుస్తుంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన చోడి రకాలే ఎన్నో ఉన్నాయి. రకాన్ని బట్టి, నేలను బట్టి అంకె మారుతుంది కనుక "సుమారు" అన్న మాట తీసేయకండి.

"షుగర్ ఉన్నవాళ్ళు చోడి ఎంతైనా తినొచ్చు" అన్నది ఇంకా పెద్ద తప్పు. వంద గ్రాముల బియ్యంలో 356 కిలో క్యాలరీలుంటే చోళ్ళలో 320. పిండిపదార్థం బియ్యంలో 78 గ్రాములు, చోళ్ళలో 67. పీచు మాత్రం బియ్యంలో మూడు గ్రాములు దాటదు, చోళ్ళలో 11 ఉంటుంది. మేలు అక్కడుంది. కానీ పిండిని మెత్తగా జల్లించి, పల్చగా కాచి, బెల్లం వేసి గ్లాసుల కొద్దీ తాగితే ఆ మేలు చాలావరకు పోతుంది. గింజ ఎంత మెత్తగా నలిగితే, ఎంతసేపు ఉడికితే రక్తంలో చక్కెర అంత త్వరగా ఎక్కుతుంది. బెల్లం పంచదార కంటే మంచిదన్న నమ్మకమూ ఇక్కడే దెబ్బ తీస్తుంది. షుగర్ ఉన్నవాడి రక్తంలో ఆ రెండింటికీ తేడా ఏమంత ఉండదు.

కొలతల గురించి కొంచెం విసుగొచ్చేలా చెప్పాలి, మన్నించండి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంగ్లీషు వ్యాసం చూసి రాసేటప్పుడు "కప్పు" అని ఊరుకుంటారు. అమెరికా వంటల కప్పు 240 మిల్లీలీటర్లు. మన హోటల్లో టీ కప్పు అందులో సగం కూడా పట్టదు. "చెంచా" అంటే టీ స్పూనా, టేబుల్ స్పూనా? మొదటిది 5 మిల్లీలీటర్లు, రెండోది 15. మెంతిపొడి దగ్గర, ఉప్పు దగ్గర ఆ మూడింతల తేడా చిన్నది కాదు. సోల, తవ్వ అని రాస్తే ఊరిని బట్టి కొలత మారుతుంది. గ్రాముల్లో రాసి, పక్కనే "మామూలు స్టీలు గ్లాసులో పావు వంతు" లాంటి గుర్తు ఇవ్వండి. ఆ గుర్తు కూడా ఎవరైనా నిజంగా తూచి చూసినదై ఉండాలి. ఉప్పు విషయంలో ఇంకో గొయ్యి ఉంది. రోజుకు 2 గ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు. సోడియంను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. "రోజుకు 2 గ్రాముల ఉప్పు మాత్రమే" అని అచ్చయితే ఎక్కడో సోడియంను ఉప్పుగా అనువదించారని అర్థం. ఆ 5 గ్రాముల్లో కూరలో వేసిందే కాదు, ఆవకాయలోదీ, ఎండు నెత్తళ్ళలోదీ కలిసే ఉంటుంది. ఎండు చేపల్లో ప్రొటీన్ గురించి పొగిడే వ్యాసంలో ఉప్పు మాట తప్పకుండా ఉండాలి. నానబెట్టి రెండు మూడు సార్లు కడగమని కూడా చెప్పాలి.

మన భాషలోనే ఒక చిక్కుంది. "జ్వరం తగ్గింది" అంటే పోయిందని. "బియ్యం ధర తగ్గింది" అంటే కాస్త దిగిందని. మరి "కాకరకాయ షుగర్‌ను తగ్గిస్తుంది" అని రాస్తే పాఠకుడు ఏ అర్థం తీసుకోవాలి? జబ్బు పోతుందనుకుంటే ముందుగా మాత్రలు మానేస్తాడు. అందుకని జబ్బు పేరు పక్కన "తగ్గిస్తుంది" అన్న క్రియను వాడకుండా ఉండటం మంచిది. "భోజనం తరువాత చక్కెర కొంత తక్కువగా పెరుగుతుంది, మాత్రలు మాత్రం మానకూడదు" అని విడమరచి రాయండి. రామబాణం, మాయం, కడిగేస్తుంది, డిటాక్స్ లాంటి మాటలకు పత్రికలో చోటే ఉండకూడదు. ఒంట్లో మలినాలను కడిగేవి కాలేయం, కిడ్నీలు.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. మన దగ్గర గంటెలు అంటే సజ్జలు. చోళ్ళు అంటే రాగులు. ఇక్కడి పాఠకుల కోసం ఇక్కడి పేరు ముందు రాసి, రెండో పేరు పక్కన ఇవ్వండి. అవిసె గింజలు అంటే నూనె గింజలు. అవిసె చెట్టు, దాని ఆకు, పువ్వు పూర్తిగా వేరు. "అవిసె మంచిది" అని ఊరుకుంటే పాఠకుడు చేతికందింది తింటాడు.

ఆనపకాయ (సొరకాయ) రసం మీద రాస్తే ఈ మూడు వాక్యాలూ తప్పనిసరి. రసం తీసే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి, చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి. కాకర లాంటి చేదు రసాలతో కలపకూడదు, కలిపితే ఆనపకాయ చేదు తెలియకుండా పోతుంది. తాగాక కడుపునొప్పి, వాంతులు, రక్తం పడటం లాంటివి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, దానికి విరుగుడు మందు లేదు. చేదు కాయలో ఉండే కుకుర్బిటసిన్ అనే పదార్థం వల్ల ఇలా జరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం కూడా చేదు రసం తాగవద్దనే చెప్పింది. అయినా బరువు తగ్గే వ్యాసాల్లో ఈ మాట కనిపించదు.

ఆకు మందుల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. గాడిదగడప, నల్ల ఈశ్వరి ఒకే జాతి మొక్కలు. వాటిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీని పాడు చేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. ఇందులో పరిశోధకుల మధ్య భిన్నాభిప్రాయం లేదు. "పెద్దలు వాడారు కాబట్టి ప్రమాదం లేదు" అన్న వాదనను ఇక్కడ ఒప్పుకోకండి. ఈ ఆకును కడుపులోకి తీసుకోమనే ఏ చిట్కానూ ఉద్దానం చదివే పత్రిక వేయకూడదు. వ్యాసం ఒక మొక్కదీ, ఫొటో మరో తీగదీ అయిన సందర్భాలూ ఉంటాయి. మొక్క ఫొటో వృక్షశాస్త్రం చదివినవాళ్ళు చూడకుండా వేయకండి.

మన్యం తిండి గురించి రాసేటప్పుడు పద్ధతి వదిలేసి రుచి ఒక్కటే రాస్తున్నారు. మామిడి టెంక అంబలి ఉంది. టెంకలోని జీడిని ఎండబెట్టి, పొడి చేసి, వగరు పోయే దాకా నీళ్ళలో ఉంచి, మళ్ళీ ఎండబెట్టి వాడతారు. వానల్లో చెమ్మ తగిలి బూజు పట్టిన పిండి ప్రాణాలు తీస్తుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో టెంక అంబలి తాగి కొందరు చనిపోయారు. ఆకలే అసలు కారణమన్న వాదనా అప్పుడు గట్టిగా వినిపించింది. "అడవి బిడ్డల అద్భుత ఆహారం" అన్న శీర్షిక కింద ఈ చరిత్ర లేకపోతే ఆ వ్యాసం అబద్ధమే.

ఉపవాసాల గురించి. లంఖణం పరమౌషధం అన్న సామెతతో కార్తీక మాసంలో వ్యాసాలు మొదలవుతాయి. ఆ సామెత పుట్టినప్పుడు ఇన్సులిన్ ఇంజక్షన్లు లేవు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తాయి. అప్పుడు 15 గ్రాముల పంచదార, అంటే సుమారు మూడు టీ స్పూన్లు, నీళ్ళలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ పరీక్షించుకోవాలి. ఇది ఉపవాసం మధ్యలోనైనా చేయాల్సిందేనని, ముందుగా మందుల మోతాదు డాక్టరుతో మార్పించుకోవాలని వ్యాసంలో రాయండి. గర్భిణులు, పిల్లలు, కిడ్నీ రోగులు ఉపవాసం ఉండకూడదని కూడా రాయండి.

పరిశోధనల మీద రాసేటప్పుడు ముందు అది ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది శీర్షికలోనే చెప్పండి. "ముప్పు సగానికి సగం తగ్గింది" అని ఉంటే అసలు అంకె వెతకండి. నూటికి ఇద్దరు ఒక్కరైనా సగమే, నూటికి నలభై మంది ఇరవై అయినా సగమే.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమని మాకు తెలుసు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రతి వ్యాసానికీ ఒక కాగితం జతచేయండి. దాని మీద నాలుగు గళ్ళు గీయండి. ఒంటికి సంబంధించిన ప్రతి వాక్యం మొదటి గడిలో. అది ఎక్కడిదో రెండో గడిలో. బరువు పచ్చిదా, ఎండుదా, ఉడికినదా అన్నది మూడో గడిలో. ఎవరికి కూడదో నాలుగో గడిలో. రాసినవాళ్ళు గళ్ళు నింపాలి, రాయని మరొకరు మూలం తెరిచి చూసి సంతకం పెట్టాలి. మూలమంటే ఇంకో పత్రికలో వచ్చిన వార్త కాదు, అసలు పట్టిక, అసలు పరిశోధన పత్రం. అది దొరకకపోతే ఆ వాక్యం కొట్టేయాలి. నాలుగో గడి ఖాళీగా ఉంటే వ్యాసం వెనక్కి పంపాలి. ఈ పద్ధతి చెడిపోయేది సాధారణంగా ఒకేచోట. సంతకాలయ్యాక పేజీ పెట్టే వేళకు ఎవరో శీర్షికను పదునెక్కిస్తారు. శీర్షిక కూడా ఆ కాగితం మీదికి ఎక్కాలి, సంతకం తరువాత మారకూడదు.

ఆఖరున వ్యాసాన్ని ఇంట్లో వంట చేసే ఒక మనిషికో, ఆశా కార్యకర్తకో చదివి వినిపించండి. "అర్థమైందా అమ్మా?" అని అడగకండి, అందరూ అర్థమైందనే అంటారు. "రేపు పొద్దున మీరు ఏం వండుతారు, ఎంత వేస్తారు, ఇంట్లో ఎవరికి పెట్టరు?" అని అడగండి. ఆమె చెప్పిన జవాబులో తేడా ఉంటే తప్పు వ్యాసానిది.

నిపుణుల మాటలు తీసుకునేటప్పుడు డాక్టరైతే వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు, డైటీషియన్ అయితే చదివిన కోర్సు కనుక్కోండి. ఆయుర్వేద వైద్యులకూ ఇదే నియమం. వాళ్ళు ఏదైనా పొడి, నూనె, క్యాప్సూల్ అమ్ముతుంటే ఆ సంగతి వాళ్ళ పేరు పక్కనే రాయండి.

డబ్బు విషయం సూటిగా చెప్తాం. ప్రకటనైతే పైన "ప్రకటన" అని, వ్యాసం శీర్షికంత స్పష్టంగా ఉండాలి. ఉచితంగా వచ్చిన నూనె డబ్బా, పిండి ప్యాకెట్టు తిప్పి పంపండి, లేదా వచ్చిందని వ్యాసంలోనే చెప్పండి. ప్యాకెట్టు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నంబరు ఉందంటే తయారీదారుకు లైసెన్సు ఉందని మాత్రమే అర్థం, దాని మీద రాసిన గొప్పలు నిజమని కాదు. 1954 నాటి మందులు, మాయా వైద్యాల ప్రకటనల చట్టం షుగర్, బీపీ, కిడ్నీలో రాళ్ళు లాంటి జబ్బులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. ఇచ్చినవాళ్ళతో పాటు ప్రచురణలో భాగం పంచుకున్నవాళ్ళూ దాని కిందికి వస్తారు. చిన్న పత్రికకు ఆ ప్రకటన డబ్బు ఎంత అవసరమో మాకు తెలియనిది కాదు. అయినా వద్దు.

తప్పు జరిగితే గుట్టుగా దిద్దకండి. తప్పు ఎక్కడ పడిందో అక్కడే, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ పడాలి. ఇలా: "గత సంచికలో తక్కువ సోడియం ఉప్పు బీపీ ఉన్నవాళ్ళందరికీ మంచిదని రాశాం. అది తప్పు. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు వాడకూడదు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు వెంటనే ఆపి, రక్తంలో పొటాషియం పరీక్ష చేయించుకోండి." ఏం తప్పో, ఏది ఒప్పో, తప్పు నమ్మి ఆచరించినవాళ్ళు ఇప్పుడేం చేయాలో, మూడూ అందులో ఉన్నాయి. ప్రాణానికి ముప్పున్న తప్పైతే తరువాతి సంచిక కోసం ఆగకుండా అదే రోజు ఆ మండలాల ఆశా కార్యకర్తలకు, పీహెచ్‌సీలకు కబురు పంపండి.

మీ మీ పత్రికలకు సరిపడేలా ఈ నియమాలను మీ మాటల్లో రాసుకుని, వచ్చే సంచిక మొదటి పేజీలో వేయమని కోరుతున్నాం. పాఠకులు వాటిని పట్టుకుని మిమ్మల్ని నిలదీయగలగాలి. నాలుగు గళ్ళ కాగితం నమూనా అడిగినవాళ్ళకు పంపుతాం. మొదటి కొన్ని నెలలు మీ వ్యాసాలు సరిచూసి పెట్టడానికి, ముఖ్యంగా కిడ్నీ, షుగర్, గర్భిణుల ఆహారం మీద వచ్చేవి, రూపాయి తీసుకోకుండా మేము సిద్ధంగా ఉన్నాం. ఎండాకాలం సంచికకు కొబ్బరి బొండం వ్యాసం ఇప్పటికే సిద్ధమై ఉంటే, ముందుగా దాన్నే పంపండి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరోగ్య వ్యాసాలు రాసే, దిద్దే, సరిచూసే కొందరం